ముఖం కప్పడం ముందు నేర్పండి

గుంటూరు అరండల్‌పేటలో మాది చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, కాలేజీ వార్షికోత్సవాలు, అప్పుడప్పుడు ఏదో ఒక కొట్టు ప్రారంభోత్సవం. పగలంతా వాటి ఎడిటింగ్. సాయంత్రం ఆ పని నేర్చుకోవాలని వచ్చే పిల్లలకు పాఠాలు. తెనాలి, పొన్నూరు, చిలకలూరిపేట నుంచి కూడా బస్సెక్కి వస్తారు. కట్ చేయడం, సౌండ్ సరిచేయడం కాస్త చేతికి రాగానే అందరి నోటా ఒకటే మాట. "అక్కా, ట్రాకింగ్ ఎప్పుడు చెప్తావు?"

వీడియోలో కదులుతున్న వస్తువు ఏ ఫ్రేములో ఎక్కడుందో కంప్యూటర్ వెతికి గుర్తులు పెట్టుకోవడమే మోషన్ ట్రాకింగ్. ఆ గుర్తులకు మనం ఏది తగిలిస్తే అది ఆ వస్తువుతోపాటు కదులుతుంది. వెళ్తున్న బుల్లెట్ బండి పక్కనే పెళ్లికొడుకు పేరు పరిగెత్తుతుంది. పెళ్లికూతురు చెయ్యి తిప్పితే వెంట మెరుపులు తిరుగుతాయి. పిల్లలకు కావాల్సింది అదే, ఆ ముచ్చటలో తప్పేమీ లేదు. 2012లో వచ్చిన రాజమౌళి 'ఈగ' చూసి పెరిగిన వాళ్లు వీళ్లు. కెమెరాతో తీసిన గదిలో, అక్కడ లేనే లేని ఈగ నిజంగా ఎగిరినట్టు కనిపించాలంటే కెమెరా ఎటు ఎంత కదిలిందో ఫ్రేము ఫ్రేముకూ లెక్క తేలాలి. ఆ లెక్క ట్రాకింగే. అంత పెద్ద విద్య తమ లాప్‌టాప్‌లోనూ ఉందని తెలిస్తే ఎవరికి ఆత్రం ఉండదు?

అయినా నా దగ్గర మొదటి పాఠం బండి పక్కన పేరు కాదు. ఒక మనిషి ముఖాన్ని మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా ఒక్కటి కూడా వదలకుండా కప్పడం. అది వచ్చాకే మిగతావన్నీ. ఎడిటింగ్ నేర్పే ప్రతి చోటా ఇదే వరస ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటే, ఈ పిల్లల్లో సినిమాల్లోకి వెళ్లేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఎక్కువమందికి మొదటి ఉద్యోగం దొరికేది ఊళ్లోని యూట్యూబ్ ఛానెల్లో. ఇప్పుడు నియోజకవర్గానికి ఒకటి కాదు, చాలాచోట్ల మండలానికి ఒకటి ఉంది. లోగో అంటించిన మైకు, ఒక ఫోను, ఒక కంప్యూటర్. రాత్రి తొమ్మిదింటికి పోలీస్ స్టేషన్ ముందు తీసిన క్లిప్ వాట్సాప్‌లో వస్తుంది. అందులో ఏడుస్తున్న తల్లి, ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డ పదకొండేళ్ల పిల్ల. "ముఖాలకు బ్లర్ వేసి పది నిమిషాల్లో పెట్టెయ్" అని ఫోన్లో మాట. ఆ క్షణాన కంప్యూటర్ ముందు కూర్చునేది ఇరవై ఏళ్ల కుర్రాడో అమ్మాయో. పేరు ఎగరేయడం వాళ్లకు వచ్చు. ముఖం కప్పడం ఎవరూ నేర్పలేదు. గుండ్రటి బ్లర్ ఒకటి వేసి, ట్రాక్ బటన్ నొక్కి, మొదటి రెండు సెకన్లు చూసి సరిపోయిందనుకుంటారు. పిల్ల తల తిప్పిన చోట బ్లర్ వెనక గోడ మీద ఆగిపోయి ఉంటుంది. పిల్ల ముఖం తేటగా బయట ఉంటుంది.

ఇలాంటి వీడియోలు నేను చూస్తూనే ఉన్నాను. మీరూ చూసే ఉంటారు.

ఒక్క ఫ్రేమే కదా అనకండి. సెకనుకు పాతిక ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము ఉండేది సెకనులో పాతికో వంతు. నడుస్తుండగా చూస్తే కన్ను పట్టుకోలేదు, నిజమే. కానీ యూట్యూబ్‌ను కంప్యూటర్లో ఆపి కామా, ఫుల్‌స్టాప్ బటన్లు నొక్కితే వీడియో ఒక్కో ఫ్రేము చొప్పున వెనక్కీ ముందుకీ కదులుతుంది. ఎవరి ముఖం దాచారో చూడాలనే కుతూహలం ఉన్నవాడికి అంతకంటే ఏం కావాలి? ఒక స్క్రీన్‌షాట్ తీస్తాడు, ఊరి గ్రూపులో పెడతాడు. అరగంటలో పిల్ల చదివే బడి దాకా చేరుతుంది.

చట్టం ఈ విషయంలో నీళ్లు నమలలేదు. పిల్లలపై లైంగిక నేరాల నిరోధానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బాధిత బాలల పేరు, చిరునామా, ఫోటో, కుటుంబ వివరాలు, బడి, ఉండే పేట, ఏదీ మీడియాలో రాకూడదు. పిల్లల మేలు కోసమని ప్రత్యేక కోర్టు రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప. ఇది మీరితే ఏడాది దాకా జైలు పడవచ్చు. ఎడిటర్లుగా పనిచేసే పిల్లలకు, ఛానెళ్ల యజమానులకు నేను ప్రత్యేకంగా చదివి వినిపించే భాగం ఇంకొకటి ఉంది. ఉద్యోగి చేసిన దానికి ప్రచురించినవారూ యజమానీ కలిసి బాధ్యులని అదే సెక్షన్ చెబుతోంది. "ఎడిటర్ కుర్రాడు చూసుకోలేదండీ" అన్న సాకు అక్కడ చెల్లదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఇంకా విశాలం. నేరం చేశాడని పట్టుబడిన బాలుడైనా, సంరక్షణ లేని పిల్ల అయినా, సాక్షి అయినా గుర్తుపట్టేలా చూపకూడదు. పెద్దల విషయంలో, అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష.

2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. పేరు చెప్పకపోవడం ఒక్కటే చాలదు, దూరపు సంబంధం ఉన్న వివరంతోనైనా బాధితురాలిని గుర్తుపట్టే వీలు ఇవ్వకూడదు, ఆమె చనిపోయినా సరే అంది. ఆ తీర్పు వచ్చి ఏడాది తిరక్కముందే, 2019 నవంబరులో, శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం మనందరికీ గుర్తే. ఆమె పేరూ ఫోటో దేశమంతా తిరిగేశాక, ఇకనుంచి ఆమెను 'దిశ' అని పిలవండని పోలీసులు అడగాల్సి వచ్చింది. అప్పటికి ఎవరు ఏం కప్పినా ఆలస్యమే.

గుర్తుపట్టే వీలు అనే ఆ మాట ఎడిటర్ పనిని పూర్తిగా మార్చేస్తుంది. ముఖం ఒక్కటే చూసుకుంటే పని అయిపోదు. తల్లి ముఖం కనిపిస్తే పిల్ల ఎవరో ఊరికి తెలిసిపోతుంది. యూనిఫాం మీద బడి బ్యాడ్జి, వెనక బండి నంబరు, ఇంటి గోడ మీద రాసిన వార్డు సచివాలయం పేరు, ఆటోకు కట్టిన ఫ్లెక్సీ మీద పేట పేరు, అన్నీ చెప్పేస్తాయి. వీటిలో కొన్ని కదలవు కానీ కెమెరా కదులుతుంది, కాబట్టి వాటికీ ట్రాకింగ్ కావాల్సిందే.

ఇంతకీ ఈ ట్రాకర్ ఏం చూస్తుంది? మొదలుపెట్టేవాళ్లు తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇదే, చాలామంది దాటేసి వెళ్లిపోయేదీ ఇదే. మామూలు ట్రాకర్‌కు ముఖం తెలియదు, మనిషి తెలియదు. ఒక చిన్న చతురస్రంలో ఎక్కడ వెలుగు, ఎక్కడ నీడ అన్నదే దానికి తెలుసు. ఆ వెలుగునీడల ముక్క తర్వాతి ఫ్రేములో ఎటు జరిగిందో లెక్కకడుతుంది. ఈ లెక్కకు బాగా పేరుపడ్డ పద్ధతిని 1981లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ లూకస్, తకేయో కనాడే రాశారు. ఏ ముక్కను పట్టుకుంటే జారదు అన్నదానికి 1994లో జియాన్‌బో షి, కార్లో తొమాసి జవాబు రాశారు: మూల ఉన్నచోటు. చీకట్లో గోడను తడుముతూ నడిచేవాడికి నున్నటి గోడ ఎంత దూరం వచ్చాడో చెప్పదు, మూల తగిలినప్పుడే తానెక్కడున్నాడో తెలుస్తుంది. ట్రాకర్‌దీ అదే అవస్థ. చెంప నున్నగా ఉంటుంది, అక్కడ పెడితే జారిపోతుంది. కంటి కొన, ముక్కుపుటం అంచు, నుదుటి బొట్టు దగ్గర పెడితే నిలుస్తుంది. గళ్ల చీర మీద పెడితే ఇంకో తంటా. ఒక గడికీ పక్క గడికీ తేడా తెలియక ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకు దూకుతుంది. పెళ్లి వీడియోల్లో ఇది నాకు నిత్యం ఎదురయ్యేదే.

నా క్లాసులో ఈ పాఠం ఇలా సాగుతుంది. ప్రతి ఒక్కరూ ఇంట్లో తమ్ముడినో చెల్లెలినో అడిగి, పెద్దవాళ్లకు చెప్పి, వీధిలో నడుస్తుండగా నాలుగు సెకన్ల వీడియో తీసుకురావాలి. నడుస్తూ ఒక్కసారి తల పక్కకు తిప్పాలి. మధ్యలో ఏ కరెంటు స్తంభమో చెట్టో అడ్డు రావాలి. నాలుగు సెకన్లంటే వంద ఫ్రేములు. మొదటి రోజు ట్రాక్ బటన్ ముట్టుకోనివ్వను. చేత్తోనే కప్పాలి. మొదటి ఫ్రేములో ముఖం మీద నల్లటి గుండ్రం పెట్టి కీఫ్రేమ్ (ఈ ఫ్రేములో గుండ్రం ఇక్కడే ఉండాలన్న గుర్తు), చివరి ఫ్రేములో ఒక కీఫ్రేమ్. ఆ రెంటి మధ్య గుండ్రాన్ని సాఫ్ట్‌వేర్ తనే జరుపుతుంది. తర్వాత సరిగ్గా మధ్యకు వెళ్లి ఎంత పక్కకు పోయిందో చూసి అక్కడొకటి. మళ్లీ ఆ సగాల మధ్యకు. ఇలా సగాలు చేసుకుంటూ పోతే ఎక్కడెక్కడ గుండ్రం ముఖాన్ని వదిలేస్తోందో తేలుతుంది. దీనికి లాప్‌టాప్ కూడా అక్కర్లేదు, ఫోన్లో కైన్‌మాస్టర్ చాలు.

ఒకమ్మాయి తెచ్చిన క్లిప్ ఇప్పటికీ పాఠానికి వాడుతున్నాను, వాళ్లింట్లో అడిగే. చెల్లెలు రెండు జడలు మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టుకుని బడినుంచి వస్తోంది. మర్నాడు అదే క్లిప్‌లో ఆ అమ్మాయి ట్రాకర్‌ను రిబ్బను మీద పెట్టింది. చూస్తే తెలివైన పనే. ఎర్ర రంగు, పదునైన అంచులు, ట్రాకర్‌కు ఇంతకంటే ఇష్టమైన చోటు ఉండదు. నలభై ఫ్రేముల దాకా అద్భుతంగా పట్టుకుంది. పిల్ల తల తిప్పింది. రిబ్బను మెడ వెనక్కి వెళ్లింది, ముఖం ముందుకొచ్చింది. రిబ్బను పోయిన చోట వెనకున్న కొట్టు బోర్డు మీది ఎర్ర అక్షరం కనపడింది, ట్రాకర్ దాన్ని పట్టుకుని అక్కడే కూర్చుంది. తెర మీద మాత్రం ట్రాకింగ్ పూర్తయిందనే వచ్చింది. "అక్కా, కంప్యూటర్ తప్పయిందని చెప్పదేంటి?" అని అడిగింది ఆ అమ్మాయి. చెప్పదమ్మా. దాని లెక్క ప్రకారం అది ఎరుపును వదల్లేదు. ముఖాన్ని వదిలిందని చూడాల్సిన కన్ను మనది.

చేత్తో చేసినవాళ్లకు ఆ చోటు ముందే తెలుసు. అడుగు పడినప్పుడు తల కిందికి ఎంత దిగుతుందో, తల తిప్పుడు ఏ ఫ్రేములో మొదలవుతుందో, స్తంభం వెనక్కి వెళ్లి ఎప్పుడు బయటికొస్తుందో వాళ్ల వేళ్లు ఎరుగుతాయి. అందుకే ట్రాకర్ తప్పిన చోట ఆపి, దాన్ని నాలుగు ఫ్రేములు వెనక్కి తెచ్చి, అక్కడినుంచి చేత్తో లాగి, స్తంభం దాటాక మళ్లీ ట్రాకర్‌కు అప్పగించగలరు. బటన్‌తో మొదలుపెట్టినవాళ్లకు తప్పిన ట్రాకర్‌ను మళ్లీ మళ్లీ నొక్కడం తప్ప దారి కనపడదు.

ఇంకో మెలకువ. మొదటి ఫ్రేము నుంచే మొదలుపెట్టాలని ఎవరూ శాసించలేదు. ముఖం పెద్దగా, ఎదురుగా, స్పష్టంగా ఉన్న ఫ్రేము ఎక్కడో మధ్యలో ఉంటుంది. అక్కడ గుర్తు పెట్టి ముందుకొకసారి, వెనక్కొకసారి ట్రాక్ చేస్తే సగం గొడవ తగ్గుతుంది. చాలామందికి వెనక్కి బటన్ ఉందనే తెలియదు.

డబ్బుల సంగతి అడుగుతారు కనుక చెబుతాను. దావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. కలర్ పేజీలో గుండ్రటి విండో గీసి, ట్రాక్ చేసి, బ్లర్ పెంచడం ఉచితంగానే వస్తుంది. బ్లెండర్ కూడా ఉచితమే, 2011 చివరి నుంచి అందులో ట్రాకింగ్ ఉంది, ఆ పనితనం పరీక్షించడానికే 2012లో 'టియర్స్ ఆఫ్ స్టీల్' అనే చిన్న సినిమా తీశారు. మొదలుపెట్టేవాళ్లకు మాత్రం అది కాస్త బరువు. ఏ సాఫ్ట్‌వేరూ లేనివాళ్లు యూట్యూబ్ స్టూడియోలోని ఎడిటర్‌నైనా వాడొచ్చు. ముఖాలను కప్పే సదుపాయం యూట్యూబ్ 2012లోనే ఇచ్చింది, మనకు నచ్చిన చోటును కప్పేది 2016లో వచ్చింది. పైసా ఖర్చు లేని పని ఇన్నేళ్లుగా ముందర ఉంటే, సాధనాలు లేక కప్పలేదన్న మాట నేను ఒప్పుకోను.

క్లిప్ ఎలా వచ్చిందన్నది కూడా పెద్ద విషయమే. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది నలిగి, ముఖం చిన్న చిన్న గడులుగా విరిగి వస్తుంది. ట్రాకర్‌కు పట్టుకోవడానికి అంచు మిగలదు. డాక్యుమెంట్‌గా పంపమని విలేకరికి చెప్పండి. సాయంత్రం ట్యూబులైటు కింద తీసినవాటిలో ఫోను షట్టర్ నెమ్మదిస్తుంది, కదిలే ముఖం చెరిగిపోతుంది. అలాంటి చోట ట్రాకర్‌ను నమ్ముకోకుండా మొత్తం చేత్తో చేయడమే దారి. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని తమకు తోచినట్టు మారుస్తూ తీస్తాయి కూడా. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకే వేగానికి మార్చుకుని మొదలుపెడితే తర్వాత బ్లర్ ఒక ఫ్రేము ముందూ వెనకా అయ్యే బెడద ఉండదు.

ట్రాకింగ్ బాగా కుదిరిన వీడియోలు కూడా ఎడిటింగ్ టేబుల్ మీద పాడవుతాయి. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే. బ్లర్ విడి లేయర్‌గా వేసి, తర్వాత ముందెక్కడో రెండు సెకన్లు కోస్తే క్లిప్ జరిగిపోతుంది, బ్లర్ జరగదు. అందుకే కోతలన్నీ అయ్యాక, ఇక ఒక్క కట్ కూడా మార్చం అనుకున్నాకే ట్రాకింగ్ మొదలుపెట్టాలి. రెండు షాట్ల మధ్య డిజాల్వ్ (ఒకటి కరుగుతుండగా ఇంకోటి తేలడం) వేస్తే ఇంకో చిక్కు. డిజాల్వ్ కోసం కట్‌కు అవతల దాగి ఉన్న ఫ్రేములను సాఫ్ట్‌వేర్ బయటికి లాగుతుంది. మనం ట్రాక్ చేసింది కట్ దాకానే. ఆ అదనపు ఫ్రేముల్లో ముఖం మసకగా, కానీ గుర్తుపట్టేలా పైకి తేలుతుంది. ముఖం కప్పిన షాట్‌కు డిజాల్వ్ వద్దే వద్దు, తెగ్గోసినట్టు కట్ చేయండి.

ఇక థంబ్‌నెయిల్. వీడియోలో వంద ఫ్రేములూ ఒళ్లు దాచుకోకుండా కప్పి, థంబ్‌నెయిల్‌కు మాత్రం ఒరిజినల్ క్లిప్‌లోంచి ఏడుస్తున్న ముఖం తీసి, చుట్టూ ఎర్ర గీత గీసి పెడతారు. దాన్ని చేసేది వేరే మనిషి కావడమే కారణం. షార్ట్స్ కోసం మళ్లీ ఒరిజినల్ నుంచే కోస్తారు. కాబట్టి కప్పిన కాపీ తయారవగానే ఆఫీసులో అందరి చేతికీ అదొక్కటే అందాలి. ఒరిజినల్ ఎడిటర్ దగ్గరే, పాస్‌వర్డ్ కింద ఉండాలి.

ఎంత కప్పితే చాలు అన్న ప్రశ్న కూడా ఉంది. పల్చటి బ్లర్ వేసి కళ్లూ ముక్కూ జాడ కనిపించేలా వదిలేయడం చాలాచోట్ల చూస్తాను. తెలిసినవాళ్లు ఆ జాడతోనే పోల్చుకుంటారు. 2007లో ఇంటర్‌పోల్ వెతికిన ఒక నేరస్థుడు పిల్లలతో తీసుకున్న ఫోటోల్లో తన ముఖాన్ని సుడి తిప్పినట్టు మెలిపెట్టి దాచుకున్నాడు. జర్మనీ పోలీసులు ఆ సుడిని వెనక్కి తిప్పి ముఖం బయటపెట్టారు, థాయ్‌లాండ్‌లో పట్టుబడ్డాడు. ఆ సందర్భంలో అది మేలే చేసింది. కానీ మెలిపెట్టిన బొమ్మలో ముఖం తాలూకు సమాచారం పోలేదు, చోటు మారిందంతే అని అది రుజువు చేసింది. 2016లో అమెరికా పరిశోధకులు మొజాయిక్ వేసిన, బ్లర్ చేసిన ముఖాలు ఎవరివో పోల్చడం కంప్యూటర్‌కు నేర్పి చూపించారు. అందుకని నా నియమం సూటిగా ఉంటుంది. పిల్లల విషయంలో అందం చూడొద్దు. పూర్తి నలుపో, ఒకే రంగు ముద్దో వేయండి. ముఖం కంటే బాగా పెద్దగా, జుట్టూ చెవులూ గడ్డమూ కలిసేలా. పెద్దగా వేస్తే ఇంకో లాభం, ట్రాకర్ అటూఇటూ నాలుగు పిక్సెళ్లు జారినా ముఖం బయటపడదు. గొంతు కూడా మార్చండి, పేరు పలికిన చోట మ్యూట్ చేయండి.

నలుపు ముద్ద వేస్తే నేరస్థుడిలా కనిపిస్తుందని, బ్లర్ అయితే కాస్త మర్యాదగా ఉంటుందని మా వృత్తిలో కొందరంటారు. ఆ బాధ నాకూ అర్థమవుతుంది. నలుపు బదులు వెనక గోడ రంగే వేయండి, అంచులు కాస్త మెత్తగా చేయండి. లోపల మాత్రం ఏమీ కనపడకూడదు.

కొత్త సాఫ్ట్‌వేర్లలో ముఖాన్ని తనే గుర్తుపట్టి తనే కప్పే ఏర్పాట్లు వచ్చాయి, ఇంకా ఈ చాకిరీ ఎందుకంటారా? నేనూ వాడతాను. మంచి వెలుతురులో, ఎదురుగా ఉన్న ముఖానికి చాలా బాగా పనిచేస్తాయి. ముఖం పక్కకు తిరిగినా, కొంగు అడ్డొచ్చినా, తల వంచినా ఒకటి రెండు ఫ్రేములు అవి ముఖాన్ని ముఖంగా గుర్తించవు. ఏడ్చే మనిషి చేసేవి సరిగ్గా ఆ మూడే. తల వంచుతుంది, కొంగు అడ్డం పెట్టుకుంటుంది, ముఖం పక్కకు తిప్పుకుంటుంది. కాబట్టి యంత్రం కప్పినా సరే, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును (టైమ్‌లైన్‌ను కాదు) తెరిచి, ఒక్కో ఫ్రేము నొక్కుకుంటూ చివరిదాకా చూడాలి. అరనిమిషం వార్తకు 750 ఫ్రేములు. బాణం గుర్తు బటన్ మీద వేలు పెట్టి చూస్తే కొన్ని నిమిషాల పని. ఇంకొకరి చేత కూడా చూపిస్తే మరీ మంచిది. తాను చేసినదాంట్లో తప్పు తన కంటికి ఆనదు.

అంత టైము ఎక్కడిదండీ, పక్క ఛానెల్ వాడు పెట్టేశాడు అంటారు. టైము లేనప్పుడు ఆ షాట్ వాడకండి. స్టేషన్ బోర్డు చూపించండి, విలేకరి ముఖం చూపించండి, ఎస్సై మాట వినిపించండి. వార్త ఎక్కడా తగ్గదు. ఇంకా ముందే, తీసేటప్పుడే జాగ్రత్తపడితే ఎడిటర్‌కు పనే ఉండదు. పిల్ల వెనక నిలబడి, వెలుతురు ఆమె అవతల ఉండేలా చూసుకుని నీడ ఆకారం మాత్రమే తీయొచ్చు. తల్లి చేతులు మాత్రమే తీయొచ్చు. ట్రాకింగ్ నేర్పేదాన్నే అయినా చెబుతున్నాను, కెమెరాలోకే రాని ముఖానికున్న భద్రత ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేదు. అసలు ఫైలు ఎవరి ఫోన్లోనూ ఉండదు కనుక దొంగిలించడానికీ ఏమీ ఉండదు.

పెళ్లి వీడియోల వాళ్లకు ఇదంతా ఎందుకు అనుకోవచ్చు. మా దగ్గరకూ వస్తుంది ఈ పని. తమ పాప ముఖం యూట్యూబ్‌లో వద్దని ఒక బంధువు అడుగుతారు. హైలైట్స్‌లో ఆ పాప తలంబ్రాల పళ్లెం పక్కనే అటూఇటూ పరిగెడుతూ ఉంటుంది. అడిగినవాళ్లను విసుక్కునే స్టూడియోలు ఉన్నాయి. నేను మాత్రం ఇంటర్నెట్‌లో పెట్టే ప్రతి వీడియోకు ముందు పిల్లల తల్లిదండ్రుల్ని అడగమని మా వాళ్లకు చెప్పాను. వద్దంటే కప్పుతాం, లేదా ఆ షాట్ తీసేస్తాం. ఈ అలవాటు ఉన్న ఎడిటర్ రేపు ఛానెల్లోకి వెళ్లినా చెయ్యి దానంతటదే ముందు అక్కడికే పోతుంది.

నేను కోరేవి చిన్నవే. ఎడిటింగ్ కోర్సులు నడిపేవాళ్లు ట్రాకింగ్ పాఠాన్ని ముఖం కప్పడంతో మొదలుపెట్టండి, సర్టిఫికెట్ ఇచ్చేముందు వంద ఫ్రేముల పరీక్ష ఒకటి పెట్టండి. వంద ఫ్రేముల్లో ఒక్కటి తప్పినా మళ్లీ చేయించండి. జిల్లా ప్రెస్‌క్లబ్‌లు ఏడాదికొకసారి సభ్యులకు ఈ పని మీద ఒక పూట శిక్షణ పెట్టించండి, లాయరొకరు, ఎడిటరొకరు చాలు. ఛానెల్ యజమానులు ఎడిటర్‌కు ఒక హక్కు ఇవ్వండి. "ఈ షాట్ సరిగా కప్పలేదు, నేను వదలను" అని ఎడిటర్ అంటే ఆ రాత్రి ఎవరూ ఒత్తిడి చేయకూడదు.

ఆదివారం ఉదయాలు మా స్టూడియో ఖాళీగా ఉంటుంది. చుట్టుపక్కల ఛానెళ్లలో పనిచేసే పిల్లలు ఎవరైనా రావచ్చు, ఫీజు లేదు. లాప్‌టాప్ ఉంటే రిజాల్వ్ ముందే వేసుకుని రండి, లేకపోతే ఫోన్ చాలు. ఇంట్లో అడిగి తీసిన నాలుగు సెకన్ల నడక క్లిప్ ఒకటి తెచ్చుకోండి. తల ఒకసారి తిప్పాలి, మధ్యలో స్తంభం అడ్డు రావాలి. వార్తల కోసం తీసిన నిజమైన క్లిప్‌లు మాత్రం తేవద్దు.